ఖాళీ సీసా తిరిగొచ్చే దూరం

సభాధ్యక్షులకు, తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు సీసాలు పెట్టాను. ఒకటి మెడ దగ్గర నొక్కుకుపోయినట్టుండి, లోపల గాజు గోలీ కదిలే దళసరి సోడాబుడ్డి. దీన్ని మన విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పాత సోడా దుకాణంలో అడిగి తెచ్చుకున్నాను. రెండోది కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా, మన సందు చివర ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది ఒత్తిడితో బొగ్గుపులుసు వాయువును కరిగించిన నీరే. అయినా మొదటిదాన్ని మనం ‘కొడతాం’, రెండోదానికి మూత తీస్తాం. దుకాణం ముందు నిలబడి “రెండు సోడాలు కొట్టు బాబూ” అన్నప్పుడు ఆ ‘కొట్టు’ అనే క్రియలో అరచేతి దెబ్బ ఉంది, గోలీ లోపలికి దిగేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు ఉంది. ప్లాస్టిక్ మూత తిప్పే పనికి ఆ క్రియ అతకదు. ఒక వస్తువు పేరే కాక, దానితో పాటు నడిచే క్రియ కూడా ఆ వస్తువు ఆకారం నుంచే పుట్టిందని గమనించినప్పటి నుంచి, సోడాల, కూల్‌డ్రింకుల పేర్లు ఊరూరా ఎందుకు మారుతాయనే విషయం మీద నాకు ఆసక్తి పెరిగింది.

మా మేనమామకు కంచరపాలెంలో సోడా మిషను ఉండేది. ఇనుప చట్రంలో బుడ్లను బిగించి, గ్యాస్ సిలిండరు గొట్టం కలిపి, పక్కనున్న చక్రాన్ని తిప్పితే బుడ్లు తలకిందులవుతూ లేస్తూ ఉండేవి. నీళ్లలోకి వాయువు ఎక్కిన తరువాత, బుడ్డి తలకిందులుగా ఉన్న క్షణంలో గోలీ మెడలోకి జారి, మూతి దగ్గరున్న రబ్బరు వాషరుకు అతుక్కునేది. ఇక లోపలి ఒత్తిడే దానికి బిరడా. తాగేటప్పుడు బుడ్డిని ఒక పక్కకు వంచి పట్టుకోవాలి. మెడలో రెండు నొక్కులు ఉంటాయి, గోలీ వాటి మీద ఆగి దారికి అడ్డు రాకుండా ఉంటుంది. నొక్కులు లేని వైపు వంచితే గోలీ మళ్లీ మూతికి వచ్చి పడుతుంది. చిన్నప్పుడు మేము ఈ కిటుకు తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ మధ్య పెద్ద తేడా చూసేవాళ్లం. మామయ్య నిండిన దాన్ని ‘సోడాకాయ’ అనేవారు, ఖాళీ అయిన మరుక్షణం అది ‘బుడ్డి’ అయ్యేది. కొబ్బరికాయలోనూ సోడాకాయలోనూ నీరు ఉండటం వల్లనే ఆ ‘కాయ’ వచ్చిందా అని ఆలోచించే వయసు అప్పటికి నాకు లేదు గాని, ఆ రెండు మాటలూ తారుమారు కావడం మాత్రం ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఎవరైనా బంధువులు వస్తే “ఏటి, సోడా కొట్టీమంటావేటి?” అని అడిగేవారు. దాహం అడగడంలో మా ఉత్తరాంధ్ర మర్యాద అది.

ఈ గోలీ సీసా మన దేశంలో పుట్టినది కాదు. నీటిలో వాయువు కలిపే పద్ధతిని 1767లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ కనుగొన్నారు. బీరు తయారుచేసే చోట పులుస్తున్న తొట్టి మీద నీటిపాత్రను ఉంచి ఆయన ఆ ప్రయోగం చేశారు. 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మార్చారు. ఆ వాయువును సీసాలో నిలిపి ఉంచడం మాత్రం చాలా ఏళ్లు కష్టంగానే ఉండేది, ఎందుకంటే బిరడా ఎండిపోతే గ్యాస్ పోతుంది. గోలీతో మూసే సీసాకు 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు పేటెంటు తీసుకున్నారు. బ్రిటిష్ పాలనతో పాటు ఆ సీసా మన రేవులకు, రైలు స్టేషన్లకు వచ్చింది. పుట్టిన దేశంలో అది ఎప్పుడో కనుమరుగైంది, మన దగ్గర మాత్రం నిలబడింది.

సీసా ఒకటే అయినా పేరు దగ్గర ఒక్కో ప్రాంతం ఒక్కో దారి పట్టింది. మనం ‘గోలీసోడా’ అన్నాం, తమిళులూ కన్నడిగులూ అదే అన్నారు. మలయాళంలో గోలీని ‘వట్టు’ అంటారు కనుక అక్కడ అది ‘వట్టు సోడా’. ఢిల్లీలో పంజాబీ మాట ‘బంటా’ సరాసరి పానీయానికే పేరైపోయింది, సోడా అని చేర్చాల్సిన అవసరం కూడా వారికి లేదు. ఇక జపానువారి దగ్గరికి వెళితే, 1884లో కోబే నగరంలో అలెగ్జాండర్ కామెరాన్ సిమ్ అనే స్కాట్లండు మందుల వ్యాపారి అమ్మడం మొదలుపెట్టిన అదే గోలీ సీసా పానీయం ‘రామునే’ అయింది. అది ‘లెమనేడ్’ అనే ఇంగ్లిష్ మాటకు జపాను నోటిలో మారిన రూపం. వారికి రుచి పేరైంది, మనకు గోలీ పేరైంది. మన తెలుగులోనే ఇంకొక ముచ్చట ఉంది. తెలంగాణలో పిల్లలు ఆడుకునే గోలీలను చాలాచోట్ల ‘గోటీలు’ అంటారు. అయినా అక్కడ కూడా ఈ పానీయం గోలీసోడాయే, గోటీసోడా కాలేదు. ఆటలోని మాట ఊరిది, పానీయం పేరు మాత్రం సరుకుతో పాటు బయటి నుంచి వచ్చింది.

ఇక్కడ భాషాశాస్త్రం వైపు ఒక అడుగు వేయాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1950ల చివర ఊరూరా తిరిగి రైతుల నోట వినిపించే వ్యవసాయ పదాలను సేకరించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించారు. నాగలి భాగాలకు, పంట పనులకు ఏ ఊరిలో ఏ మాట వాడుతున్నారో చూసి తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించారు. మన విశాఖ, శ్రీకాకుళం ప్రాంతం ఒకటి, గోదావరి నుంచి గుంటూరు దాకా మధ్య కోస్తా ఒకటి, రాయలసీమతో పాటు దక్షిణ కోస్తా ఒకటి, తెలంగాణ ఒకటి. ఆ పటం శాస్త్రీయమైనది, ఇప్పటికీ మనకు ఆధారం. కాని సోడాల, కూల్‌డ్రింకుల మాటలను ఆ పటం మీద పెట్టి చూస్తే గీతలు కలవవు. నాగలి ఊరి వడ్రంగి చేసినది, దాని పేర్లు వందల ఏళ్ల నాటివి. సోడా అంత పాతది కాని సరుకు, అది ఊరిలోకి బండి మీద వచ్చింది.

ఒక చోట మాత్రం గీతలు చక్కగా కలుస్తాయి. తీగజాతి మొక్క ఒకదాని వేళ్ల నుంచి తీసిన సిరప్పును సోడాలో కలిపి ఇస్తారు. కోస్తాలో దాన్ని ‘సుగంధి సోడా’ అంటాం, ఆ మొక్క మనకు సుగంధిపాల. కడప, తిరుపతి వైపు వెళ్తే అదే వేరు ‘నన్నారి’, ఆ షర్బత్తు ‘నన్నారి షర్బత్తు’. తమిళంతో రాకపోకలున్న నేల మీద తమిళ పేరు నిలిచింది. వేరు పాతది, దానిని వైద్యానికీ దాహానికీ వాడటం పాతది, అందువల్ల మాట కూడా మాండలిక సరిహద్దునే పట్టుకుని ఉంది. సోడా అందులో ఆ తరువాత కలిసింది.

మరి గ్యాస్ పానీయాల పేర్ల సరిహద్దును ఏది గీసింది? నా అభిప్రాయంలో దాన్ని గీసింది ఖాళీ సీసా. మామయ్య వ్యాపారంలో నీటికి ఖరీదు లేదు, గ్యాసుకు కొద్దిగా ఉండేది, అసలు పెట్టుబడి అంతా బుడ్లలోనే. బుడ్డి వెనక్కి రాకపోతే పది సోడాలు అమ్మిన లాభం పోయినట్టే. అందుకే సైకిలు మీద చెక్క పెట్టె కట్టుకుని వెళ్లి, నిండినవి దింపి, ఖాళీవి ఎక్కించుకుని సాయంత్రానికి తిరిగి రాగల దూరమే ఆయన రాజ్యం. కంచరపాలెం నుంచి మర్రిపాలెం, ఊర్వశి జంక్షన్, ఇటు జ్ఞానాపురం. అంతకు మించి వెళితే ఇంకొకరి బుడ్లు, ఇంకొకరి దుకాణాలు. ఆ పరిధిలో ఆయన ఎర్ర సోడాను ‘రోజ్’ అంటే జనమూ రోజ్ అనేవారు. ఊరికి అవతల ఇంకొక మిషను ఆసామి దాన్నే ‘కలర్’ అంటే అక్కడ అది కలర్. పేరు పెట్టే హక్కు తయారీదారుది, ఆ పేరు వినిపించే దూరం ఖాళీ సీసా తిరిగి రాగలిగే దూరం.

ఇది మన ఊరికే పరిమితమైన సంగతి అయితే నేను ఇంత నమ్మకంగా చెప్పను. ఈ విషయంలో బాగా పరిశీలించిన దేశం అమెరికా. అక్కడ తీపి గ్యాస్ పానీయానికి మూడు పెద్ద పేర్లు ఉన్నాయి. బెర్ట్ వాక్స్ అనే భాషాశాస్త్రవేత్త ఈ శతాబ్దం మొదట్లో నిర్వహించిన మాండలిక సర్వేలో సగానికి కొంచెం పైగా జనం ‘సోడా’ అన్నారు, నాలుగో వంతు ‘పాప్’ అన్నారు, సుమారు ఎనిమిదో వంతు ‘కోక్’ అన్నారు. ఈశాన్య తీరంలోనూ కాలిఫోర్నియాలోనూ సోడా, షికాగోతో కూడిన ఉత్తర మధ్య రాష్ట్రాలలో పాప్, దక్షిణాదిలో కోక్. చుట్టూ వేరే మాటలు ఉన్నా సెయింట్ లూయిస్, మిల్వాకీ నగరాల పరిసరాలు సోడా దీవులుగా మిగిలాయి. బోస్టన్ పాతతరం వారు ‘టానిక్’ అనేవారు. ఈ పానీయాలను మొదట మందుల దుకాణాలలో, ఆరోగ్యానికి మంచివని చెప్పి అమ్మిన రోజుల జ్ఞాపకం ఆ మాటలో కనిపిస్తుంది. ‘పాప్’ అసలు ఇంగ్లండు మాట. బిరడా ఊడినప్పుడు వచ్చే చప్పుడు వల్ల ఆ పేరు వచ్చిందని కవి రాబర్ట్ సౌథీ 1812లోనే ఒక ఉత్తరంలో రాశారు. మనం ‘కొట్టు’ అనే క్రియలో దాచుకున్న చప్పుడును వారు నామవాచకం చేసుకున్నారు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది దక్షిణాది ‘కోక్’. అక్కడ హోటల్లో కోక్ కావాలంటే “ఏ కోక్?” అని అడుగుతారు, నారింజ రుచిదైనా కోకే, నిమ్మ రుచిదైనా కోకే. 1886లో జాన్ పెంబర్టన్ కోకాకోలాను తయారు చేసింది దక్షిణాదిలోని అట్లాంటా నగరంలోనే. 1899లో చటనూగాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు దాన్ని సీసాలలో నింపి అమ్మే హక్కును ఒక్క డాలరుకు తీసుకుని, పట్టణానికి ఒకరు చొప్పున సీసాలు నింపేవారికి ప్రాంతాలు పంచి ఇచ్చారు. ఎవరి ప్రాంతం వారిది, ఎవరి సీసాలు వారికి తిరిగి రావాలి. ఒక మాట ఒక నేలలో ఎందుకు లోతుగా దిగిందో ఆ పంపకాన్ని చూస్తే కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి తిరిగి వద్దాం. 1919లో గోదావరి సీమలోని రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు గారి కుటుంబం సోడాల తయారీ మొదలుపెట్టింది, అదే తరువాత ‘ఆర్టోస్’ అయింది. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఊదారంగు ద్రాక్ష రుచి పానీయాన్ని ఎవరూ కూల్‌డ్రింకు అని అడగరు, ఆర్టోస్ అనే అడుగుతారు. నేను విశాఖ నుంచి బంధువుల ఇంటికి వెళ్లి “కూల్‌డ్రింకు చాలండి” అన్నప్పుడు, “అది కాదండీ, ఆర్టోస్ పుచ్చుకోండి” అని ఒక పెద్దావిడ నన్ను సరిదిద్దారు. ఆవిడ దృష్టిలో అవి రెండూ ఒక జాతివి కావు, ఒకటి బజారుది, ఒకటి ఊరిది. తమిళనాట 1916లో మొదలైన కాళీమార్క్ వారి ‘బొవొంటో’కు, 1923లో సూరత్‌లో పుట్టిన ‘సోస్యో’కు వారి వారి ప్రాంతాలలో ఇలాంటి స్థానమే ఉంది. దశాబ్దాల పాటు ఈ పేర్లు తమ నేలను దాటి పెద్దగా పోలేదు, తమ నేలలో చెక్కుచెదరనూ లేదు.

దేశమంతటికీ చేరిన పేర్ల కథ వేరు. విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న చట్టానికి లోబడలేక 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్లింది. ప్రభుత్వమే ఆ సంవత్సరం పేరుతో ‘డబుల్ సెవెన్’ అనే పానీయాన్ని తెచ్చింది గాని అది నిలవలేదు. అదే ఏడాది పార్లే వారు తెచ్చిన ‘థమ్సప్’ నిలిచింది. 1993లో కోకాకోలా తిరిగి వచ్చి థమ్సప్‌ను, లిమ్కాను, గోల్డ్‌స్పాట్‌ను కొనేసింది. గోల్డ్‌స్పాట్ ఆ తరువాత కొన్నేళ్లకు అంగడి నుంచి పోయింది, మా అమ్మ నోటి నుంచి మాత్రం పోలేదు. నారింజ రంగులో ఏది కనిపించినా ఆవిడకు చివరిదాకా గోల్డ్‌స్పాటే. సరుకు పోయాక కూడా పేరు ఒక తరం బతుకుతుందని నేను తెలుసుకున్నది అలాగే. థమ్సప్ సంగతి ఇంకా ఆసక్తికరం. మన ఊళ్లలో చాలా దుకాణాల ముందు నిలబడి విన్నాను. “ఒక థమ్సప్ ఇవ్వండి” అని అడిగి, దుకాణదారు ఇంకో నల్ల పానీయం తీసి ఇస్తే ఏ అభ్యంతరం లేకుండా తాగి వెళ్లేవారు ఎందరో. అట్లాంటా చుట్టుపక్కల కోక్‌కు జరిగినదే ఇక్కడ థమ్సప్‌కు జరుగుతోంది. కేసుకు 24 గాజు సీసాల చొప్పున దింపి, ఖాళీ కేసులు ఎక్కించుకుని పోయే లారీ ఇక్కడ ఏళ్ల తరబడి తిరిగింది. పేరు దాని వెంటే ఇంటింటికీ చేరింది.

అందరికీ ఉమ్మడి మాట ‘కూల్‌డ్రింకు’ గురించి కూడా చెప్పాలి. ఇది ఇంగ్లిష్ మాటే అయినా ఇంగ్లండులో ఈ అర్థంలో ఎవరూ వాడరు. వారు ‘ఫిజ్జీ డ్రింక్’ అంటారు, ఐర్లండులో ‘మినరల్స్’ అంటారు, గ్లాస్గో నగరంలో అల్లం లేకపోయినా ‘జింజర్’ అంటారు. కూల్‌డ్రింకు అనేవారు దక్షిణ భారతీయులు, దక్షిణాఫ్రికావారు, పశ్చిమ ఆస్ట్రేలియావారు. మన దేశంలోనే ఉత్తరాదివారికి అది ‘కోల్డ్‌డ్రింక్’, హిందీలో ‘ఠండా’. ఈ కూల్, కోల్డ్‌ల మధ్య గీతను మన విశాఖలో బీచ్ రోడ్డు మీద చెవులారా వినవచ్చు. ఒక ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో ఒక బండి దగ్గర గంటసేపు నిలబడ్డాను. బెంగాలు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన యాత్రికులు ‘కోల్డ్‌డ్రింక్స్’ అని అడుగుతుంటే, ఆ బండి అబ్బాయి వారికి “కౌన్‌సా కోల్డ్‌డ్రింక్?” అని జవాబిస్తూ, పక్కనే నిలబడ్డ మన మహారాణిపేట కుటుంబం వైపు తిరిగి “ఏ కూల్‌డ్రింకు కావాలమ్మా?” అని అడుగుతున్నాడు. 1933లో రేవు తెరిచినప్పటి నుంచి, ఆ పైన షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం వచ్చినప్పటి నుంచి నలుదిక్కుల జనం చేరిన ఊరు ఇది. ఆ అబ్బాయి ఏ పాఠశాలలోనూ నేర్చుకోని మాండలిక భేదాన్ని బేరంలో నేర్చుకున్నాడు.

మన పత్రికలు మాత్రం ఇప్పటికీ ‘శీతల పానీయాలు’ అని రాస్తాయి. ఆ మాటతో దుకాణంలో ఎవరూ దేన్నీ కొనలేదు. జనం నోట ఆడే మాటే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున నిలబడి ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. కూల్‌డ్రింకు, కూల్‌డ్రింకులు, కూల్‌డ్రింకుకు అని విభక్తులు చేర్చుకుని అది ఏనాడో తెలుగైంది. దానికి అనువాదం చేయడం అంటే ఉన్న తెలుగు మాటను తీసివేసి లేని మాటను పెట్టడమే.

ఈ రెండో సీసా సంగతి చెప్పి ముగిస్తాను. ఈ ప్లాస్టిక్‌తో సీసా చేసే పద్ధతికి 1973లో నథానియల్ వైత్ అనే అమెరికన్ ఇంజనీరు పేటెంటు పొందారు. దీని బరువు కొద్ది గ్రాములు, తిరిగి రావలసిన అవసరం లేదు. తిరిగి రావలసిన అవసరం లేని సీసాకు సరిహద్దు కూడా లేదు. అది ఎక్కడ నింపినా అరకు కొండ మీదికీ, భీమిలి ఒడ్డుకీ ఒకే పేరుతో వెళ్తుంది. ఇటీవల ‘గోలీసోడా’ కూడా కొత్త రూపంలో ప్రయాణం కట్టింది. 2025 మార్చిలో వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా దాన్ని విదేశీ విపణులకు పరిచయం చేసినప్పుడు పెట్టిన పేరు ‘గోలీ పాప్ సోడా’. మనది ఒకటి, షికాగోది ఒకటి, న్యూయార్క్‌ది ఒకటి, మూడు ప్రాంతాల మాటలు ఒకే సీసా మీద పక్కపక్కన నిలబడ్డాయి. అమ్మేవారి అవసరం నాకు అర్థమవుతుంది, మన గోలీ మొదట ఉన్నందుకు సంతోషం కూడా కలుగుతుంది.

కాని ఆ పేరులో ‘సోడాకాయ’ లేదు, ‘కొట్టు’ లేదు. ఆ మాటలు తెలిసినవారు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. ద్వారం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టించాను. వెళ్లేటప్పుడు మీ సొంత ఊరి పేరు రాసి, మీ చిన్నతనంలో రంగు సోడాను ఏమనేవారో, ఖాళీ బుడ్డిని ఏమనేవారో, గోలీని లోపలికి నొక్కే చెక్క పరికరాన్ని ఏమని పిలిచేవారో ఒక్కొక్క మాట రాయండి. మామయ్య దాన్ని ‘చెక్క’ అనేవారు, మొదటి పేజీలో కంచరపాలెం ఎదురుగా ఆ మాట రాసి ఉంచాను.